విట్రెక్టమీ తర్వాత కంట్లో కదిలే గీత

మే నెల ఎండలో ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి తెల్లటి ఆకాశం వైపు చూస్తే, ఫ్లోటర్లు ఉన్నవాళ్లకు ఆ నల్ల నలుసులు మరీ స్పష్టంగా కనిపిస్తాయి. కనుగుడ్డులో సుమారు 4 మి.లీ. విట్రియస్ జెల్లీ ఉంటుంది. వయసుతో అది నీరుగారుతుంది, అందులోని కొల్లాజెన్ పోగులు ముద్దకట్టి, కంటి వెనక బొమ్మ పడే పొర రెటీనా మీద నీడలు వేస్తాయి. చాలామందికి కొన్నాళ్లకు అలవాటైపోతాయి. కానివాళ్లలో కొందరు విట్రెక్టమీకి సిద్ధపడతారు. జెల్లీని కత్తిరించి తీసేసి, సెలైన్ లాంటి ద్రవం నింపే ఆపరేషన్ అది.

నలుసులు పోతాయి సరే, కొందరికి మర్నాడు చూపుకి అడ్డంగా ఒక గీత కనిపిస్తుంది. ఆపరేషన్ చివర గాలి నింపినా, రెటీనాలో చిరుగు కనబడి గ్యాస్ పెట్టినా వచ్చే గీత అది. బుడగ కంట్లో పైకే తేలుతుంది, కానీ రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి మనిషికి కింద ఉన్నట్టు తోస్తుంది. తల పక్కకి వంచినా మేస్త్రీ రసమట్టంలా గీత మట్టంగానే ఉంటుంది. బుడగ తరుగుతున్నకొద్దీ గీత రోజురోజుకీ కిందికి దిగి, చివరికి చిన్న గుండ్రటి బుడగై మాయమవుతుంది. గాలైతే వారం పది రోజులు, సీ3ఎఫ్8 గ్యాస్ అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు.

అది ఉన్నన్నాళ్లూ గన్నవరంలో విమానం ఎక్కకూడదు. ఆపరేషన్ బాగా జరిగిందని మొక్కు తీర్చుకోవడానికి తిరుమల వెళ్లాలన్నా ముందు డాక్టర్ని అడగాలి. కొండ 850 మీటర్ల ఎత్తు. పైకి వెళ్లేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గి, కంట్లో గ్యాస్ ఉబ్బి, చూపే పోవచ్చు. ఈ హెచ్చరిక డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఉండాలని నా గట్టి అభిప్రాయం.

విట్రెక్టమీ చేయించుకున్న యాభై దాటినవాళ్లలో చాలామందికి రెండేళ్లలోపు శుక్లం ముదురుతుంది. లెన్స్ దాకా ఆక్సిజన్ చేరకుండా ఆపే జెల్లీ ఇక లేకపోవడమే కారణం. బెంజి సర్కిల్ దగ్గర రాత్రి హెడ్‌లైట్లు చెదిరినట్టు కనిపించినా, కళ్లజోడు మైనస్ పవర్ పెరిగినా ముందు దాన్నే అనుమానించాలి. శుక్లానికి మళ్లీ ఆపరేషన్ ఉంది, కంగారు లేదు.

కంగారు పడాల్సింది నల్లటి తెర గురించి. అది గీతలా మట్టంగా ఉండదు, రోజూ తగ్గదు. ఏదో ఒక పక్క నుంచి మొదలై పెరుగుతుంది. దానికి ముందు మెరుపులు గానీ, ఒక్కసారిగా గుంపుగా వచ్చిన చుక్కలు గానీ కనిపించవచ్చు. రెటీనా ఊడుతోందన్నమాట. ఊడటం నడిమధ్యనున్న మాక్యులా దాకా రాకముందే ఆపరేషన్ జరిగితే చూపు బాగా నిలుస్తుంది, అందుకే ఆ రోజే వెళ్లాలి.