చార్మినార్ గీయడానికి చిన్న లైబ్రరీ చాలు: త్రీడీ ఆకారాలపై అపోహలు – వాస్తవాలు

అమీర్‌పేటలో వెబ్ డిజైన్ నేర్పేటప్పుడు త్రీడీ మాట ఎత్తగానే విద్యార్థులు మొదట అడిగేది గ్రాఫిక్స్ కార్డు గురించే. ఆ బెదురు పోవాలని వాళ్లచేత జెడ్‌డాగ్‌తో చార్మినార్ గీయిస్తాను. డేవిడ్ డిసాండ్రో 2019లో విడుదల చేసిన ఈ జావాస్క్రిప్ట్ లైబ్రరీ (మన పేజీలో వాడుకునేందుకు ముందే రాసిపెట్టిన కోడ్), కుదించిన రూపంలో 28 కేబీ మాత్రమే.

అపోహ: ఖరీదైన కంప్యూటర్ ఉండాలి.
వాస్తవం: అక్కర్లేదు. బ్రౌజర్‌లో గ్రాఫిక్స్ కార్డుతో త్రీడీ గీయించే వెబ్‌జీఎల్ జోలికి జెడ్‌డాగ్ పోదు. లెక్క మూడు కొలతల్లో వేసి, బొమ్మను వెబ్ పేజీలో బొమ్మలు గీసే మామూలు కాన్వాస్ మీదో, గీతలతో తయారయ్యే ఎస్‌వీజీ బొమ్మగానో గీస్తుంది.

అపోహ: లెక్కల్లో దిట్టలకే ఇది సాధ్యం.
వాస్తవం: తిప్పే లెక్కలన్నీ లైబ్రరీయే చేసుకుంటుంది. మీకు దిక్కులు తెలిస్తే చాలు. వై విలువ పెరిగితే వస్తువు కిందికి దిగుతుంది, జెడ్ పెరిగితే మన వైపు వస్తుంది. బడిలో వై పైకి పెరిగే గ్రాఫు కాగితానికి అలవాటుపడిన వాళ్ల మినార్లు భూమిలోకి దిగబడేది ఇందుకే. సిలిండర్ కూడా మొదట మన వైపు ముఖం పెట్టి పడుకునే ఉంటుంది. ఎక్స్ అక్షం చుట్టూ పావు చుట్టు తిప్పితే నిలబడుతుంది.

అపోహ: గోళానికి వందల త్రిభుజాలు పేర్చాలి.
వాస్తవం: ఈ లైబ్రరీలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. ఒక్క బిందువు పెట్టి గీత మందం 40 అనండి, 40 వ్యాసమున్న బంతి వచ్చేస్తుంది. గోళం ఏ వైపు నుంచి చూసినా వృత్తమే కదా! మినార్ల మీది గుమ్మటాలకు అర్ధగోళం విడిగా ఉంది.

అపోహ: ఏది ముందు, ఏది వెనక అన్నది లైబ్రరీ ఎప్పుడూ సరిగ్గానే చూపిస్తుంది.
వాస్తవం: ఎక్కువ మంది తికమకపడేది ఇక్కడే. ఒక్కో ఆకారంలోని బిందువుల లోతుకు సగటు కట్టి, దూరంగా ఉన్నదాన్ని మొదట, దగ్గరున్నదాన్ని దాని తర్వాత గీస్తుంది. పొడవాటి గోడ ఒక కొస మనకు దగ్గరగా ఉన్నా, సగటు మాత్రం నడిమధ్యనే పడుతుంది. దాంతో బొమ్మ తిరుగుతుండగా వెనకున్న మినార్ హఠాత్తుగా గోడ ముందుకు దూకుతుంది. గోడను రెండు మూడు ముక్కలుగా చేస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. గోడ, దాని మీది కమాను వంటి జంటలను ఒకే గ్రూపులో పెట్టండి. గ్రూపులోని వాటిని లోతు చూడకుండా మీరు చేర్చిన వరుసలోనే గీస్తుంది.

ఇక దీనితో అన్నీ చేయొచ్చనేదీ అపోహే. పర్‌స్పెక్టివ్ లేదు కాబట్టి దూరపు మినార్ చిన్నదిగా కనబడదు. వెలుతురు, నీడ ఉండవు. ఎండ పడే గోడకు లేత రంగు, పక్క గోడకు ముదురు రంగు మీరే ఇవ్వాలి. లోగోలకు, కదిలే చిన్న బొమ్మలకు నేను దీన్నే వాడమంటాను. గోడ గరుకుదనం, సాయంత్రపు నీడ కావాలంటే 2010 నుంచి ఉన్న త్రీ.జేఎస్ అనే మరో త్రీడీ లైబ్రరీని పట్టుకోండి. అక్కడ కెమెరాను, దీపాలను అమర్చడం అదనంగా నేర్చుకోవాల్సి ఉంటుంది.