కాలిన కుండ లాంటి బోర్డు

కాకినాడ నుంచి మా అక్క ఫోన్ చేసింది. పై అంతస్తులో కొత్తగా బాత్‌రూం కట్టించుకున్నారు. ఇటుక గోడైతే బరువెక్కువని, ఇనుప ఫ్రేముకు రెండు వైపులా సిమెంటు బోర్డులు బిగించి, బాత్‌రూం వైపు టైల్స్ అతికించారు. "వాటర్‌ప్రూఫ్ బోర్డమ్మా, ఇక మీరు చూసుకోనక్కర్లేదు" అన్నాడట దుకాణంవాడు. ఏడాది తిరక్కుండానే అవతలి పడకగది గోడకు జానెడెత్తున చెమ్మ ఎక్కి, పెయింటు పొక్కులు లేచింది. ఎవరో వచ్చి చూసి, ఆ మూలలో నీళ్ళు ఉండటమే అరిష్టం, కూలగొట్టి ఇంకో దిక్కున కట్టుకోండన్నారట. "మోసపోయామా తమ్ముడూ?" అని అడిగింది.

బోర్డు మంచిదే. చిక్కంతా ఆ వాటర్‌ప్రూఫ్ అనే మాటతో వచ్చింది. నీటికి చెడకపోవడం ఒక గుణం, నీటిని ఆపడం ఇంకో గుణం. రెంటికీ మనం ఒకే మాట వాడేస్తున్నాం.

కుమ్మరి సారె మీంచి దించిన పచ్చి కుండలో నీళ్ళు పోస్తే కాసేపటికి బురదై కూలిపోతుంది. అదే కుండ ఆవంలో కాలాక ఎన్ని వేసవులు నీళ్ళు పోసినా కరగదు. కానీ దాని పొట్ట మీద చెయ్యి వేసి చూడండి, తడి తగులుతుంది. లోపలి నీళ్ళు ఊరుతూ, ఆవిరవుతూ ఉంటేనే కదా కుండ నీళ్ళు చల్లబడేది! కాల్చినప్పుడు మట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కున్నాయి. వాటి మధ్య సందులు మాత్రం తెరుచుకునే ఉన్నాయి.

ఫాల్స్ సీలింగుకు వాడే జిప్సం బోర్డు పచ్చి కుండ జాతి. జిప్సం లీటరు నీటిలో రెండు గ్రాములకు పైగా కరుగుతుంది. సూదుల్లాంటి దాని స్ఫటికాలు ఒకదాన్నొకటి పెనవేసుకుని బోర్డును నిలబెడతాయి, తడిస్తే ఆ పట్టు సడలుతుంది. పైన అంటించిన కాగితం బూజుకు మంచి తిండి.

సిమెంటు కాలిన కుండ జాతి. ఇక్కడ ఆవం పని నీళ్ళే చేస్తాయి. సిమెంటులోని ట్రైకాల్షియం సిలికేట్ నీటితో కలిసి కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే జిగురుగా మారుతుంది, పక్కనే కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే సున్నం, మిగులుతుంది. బోర్డుల ఫ్యాక్టరీలో చాలా చోట్ల మెత్తని ఇసుక కూడా కలిపి, పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి ఆటోక్లేవులో 170, 180 డిగ్రీల ఆవిరితో ఉడికిస్తారు. అప్పుడు ఆ మిగులు సున్నం ఇసుకతో కలిసి టోబర్మొరైట్ అనే గట్టి స్ఫటికమవుతుంది. నీటితో పుట్టిన ఈ పదార్థాలను మామూలు నీళ్ళు విడదీయలేవు. చెదలు కూడా దీని జోలికి రావు. అయితే సందులు? ఉన్నాయి, కుండలో లాగానే. బోర్డు ముక్కను రాత్రంతా నానబెడితే తన బరువులో పావు వంతు దాకా నీళ్ళు తాగడం మామూలే.

నమ్మకం కుదరకపోతే ఒక పళ్ళెంలో వేలెడు లోతు నీళ్ళు పోసి, బోర్డు ముక్కను కోసిన అంచు మీద నిలబెట్టండి. నేను సిరా కలిపిన నీళ్ళలో పెట్టి చూశాను. మొదట అంచు నల్లబడింది, తర్వాత తడి గీత నీటి మట్టం దాటి నెమ్మదిగా పైకి పాకింది. పంచె అంచు నీళ్ళలో పడితే తడి పైకి పాకేది ఇలాగే, దీపపు వత్తి నూనెను పైకి లాగేదీ ఇలాగే.

స్కూల్లో దీన్ని కేశనాళికీయత అని సన్నని గాజు గొట్టంలో చూపిస్తారు. మార్కులొస్తాయి, పాఠం అయిపోతుంది. పక్కనే తరగతి గోడ అడుగున ఉబ్బిన సున్నాన్ని ఎవరూ చూపించరు. నాకు అది పెద్ద బాధ. గొట్టం ఎంత సన్నమైతే నీళ్ళు అంత ఎత్తుకు ఎక్కుతాయి. వ్యాసార్ధం ఒక మిల్లీమీటరైతే ఒకటిన్నర సెంటీమీటర్లు, అందులో పదో వంతైతే 15 సెంటీమీటర్లు, వెయ్యో వంతైతే లెక్క ప్రకారం 15 మీటర్లు! సిమెంటులో ఇంతకన్నా సన్నని సందులూ ఉంటాయి. మరి గోడ మొత్తం ఎందుకు తడవదు? సందు సన్నబడే కొద్దీ నీటి నడక నెమ్మదిస్తుంది, దారిలో గోడ ముఖం నుంచి ఆవిరైపోతూ ఉంటుంది. ఎక్కేదీ ఆరేదీ సమానమైన చోట చెమ్మ గీత నిలుస్తుంది. నీళ్ళు మోసుకొచ్చిన ఉప్పులు ఆ గీత దగ్గరే తెల్లగా పూస్తాయి. గాలాడనివ్వని పెయింటు వేసి దాన్ని కప్పేస్తే ఆరే దారి మూసుకుపోయి చెమ్మ ఇంకా పైకి పోతుంది. అరిష్టం అనుకునే మరకకు ఇంత చక్కని లెక్క ఉంది.

కుండకు మందేమిటో మన పెద్దవాళ్ళకు తెలుసు. వంటకు కొనుక్కొచ్చిన కొత్త కుండలో గంజి కాచి, సందుల్లోకి పిండి పట్టనిస్తారు. బాత్‌రూం బోర్డుకు కావలసిన గంజి, టైల్స్‌కు ముందు పూసే వాటర్‌ప్రూఫ్ కోటింగు. అతుకుల మీద జాలీ టేపు, మూలల్లో రెండు పూతలు. టైల్స్ మధ్య ఫిల్లరును నమ్ముకోవద్దు, అందులోంచీ నీళ్ళు దిగుతాయి. బోర్డు అడుగు నేలకు తాకకుండా కొద్దిగా ఎత్తులో ఆగాలి.

కప్పు సంగతీ ఇంతే. బంగళా పెంకు కూడా కుండకు తోబుట్టువే, సందులున్నదే. వాలు ఉంది కాబట్టి వాన నీళ్ళు ఊరేలోపే జారిపోతాయి. సిమెంటు బోర్డును బల్లపరుపుగా పరిచి, పైన ఏమీ వేయకుండా వదిలేస్తే ఆ అవకాశం ఉండదు. బయటి గోడలకైతే బోర్డు వెనక రెండు సెంటీమీటర్లంత ఖాళీ ఉంచి, కిందా పైనా గాలి ఆడనిస్తే, లోపలికి దూరిన నీళ్ళు కిందికి కారిపోతాయి, మిగిలింది ఆరిపోతుంది. నార కలిపి చేసే ఇలాంటి బోర్డులను ఫైబర్ సిమెంటు బోర్డులంటారు, వాటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 14862. అందులో ఎండావానలకు నేరుగా గురయ్యే చోటికి టైప్ ఎ అని వేరుగా ఉంది, కొనేటప్పుడు అడగండి.

కోసిన అంచు గురించి ఇంకో మాట. 1901లో ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ హాచెక్ పేటెంటు తీసుకున్న పద్ధతిలోనే నేటికీ చాలా బోర్డులు తయారవుతాయి. పల్చటి సిమెంటు గుజ్జులో జల్లెడ డ్రమ్ము తిరుగుతూ సన్నని పొరను ఎత్తుకుంటుంది, ఆ పొరలను ఒకదాని మీద ఒకటి చుడతారు. ఆత్రేయపురంలో కుండ వీపు మీంచి పూతరేకు తీసి, మడతలు పెట్టడం చూసినవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పొరల నోళ్ళు తెరుచుకునేది కోసిన అంచులోనే. లోపలి నార ఉబ్బేదీ అక్కడే. అందుకే ప్రతి కోతకూ ప్రైమరు పూయాలి, బోర్డుకూ బోర్డుకూ మధ్య మూడు మిల్లీమీటర్ల సందు వదలాలి.

హాచెక్ వాడిన నార రాతినార, అంటే ఆస్‌బెస్టాస్. మన కడప జిల్లా పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లిలో తవ్వింది అదే. దాని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తర్వాత క్యాన్సరు తెస్తాయి. ఇప్పటి బోర్డుల్లో చాలావాటికి చెక్క గుజ్జు నార వాడుతున్నారు, కానీ ఇంటి కప్పుల మీది సిమెంటు రేకుల్లో మన దేశంలో ఇంకా రాతినార ఉంటోంది. పాత రేకులను పగలగొట్టకండి, రంపం పెట్టకండి. కొత్త బోర్డును కోసేటప్పుడు లేచే ఇసుక ధూళి కూడా ఊపిరితిత్తులకు చేటే. తడిపి కోయాలి, మాస్కు పెట్టుకోవాలి. పనివాడికి ఆ మాస్కు మనమే కొనివ్వాలి.

అక్కావాళ్ళు పడకగది వైపు బోర్డు విప్పించి ఫొటో పంపారు. బాత్‌రూం వైపు అడుగు వరసకు కోటింగే లేదు. టైల్స్ సందుల్లోంచి దిగిన నీళ్ళు ఫ్రేము అడుగున నిలిచి, ఇనుప చానలుకు తుప్పు మొదలైంది. నేలకు ఆనించి బిగించిన పడకగది బోర్డు ఆ నీళ్ళను వత్తిలా తాగింది. బాత్‌రూం అడుగు వరస టైల్స్ తీయించి, మూలకు రెండు పూతలు వేయించి, చానలు మార్పించారు. విప్పిన బోర్డులను డాబా మీద నాలుగు రోజులు ఎండబెట్టారు. ఒక్క పెళ్ళ రాలలేదు, ఎక్కడా వంగలేదు. అడుగున వేలెడు కోసి, అంచుకు ప్రైమరు పూసి, అవే బోర్డులను మళ్ళీ బిగించారు.