సిరిమానును చూసే మెదడు

మా విజయనగరంలో దసరా తర్వాత వచ్చే మంగళవారం నాడు పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే ఊరేగించే పొడవాటి చెట్టు మాను, మూడు లాంతర్ల కూడలి నుంచి కోట వైపు సాగుతుండగా, మాను కొసన కూర్చున్న పూజారి మీదికి జనం అరటిపళ్లు విసురుతారు. ఎగిరే పండు పసుపు, అది పోయే దిక్కు, పూజారి ముఖం, ఏటవాలుగా ఉన్న మాను, ఇవన్నీ మనకు ఒకే దృశ్యం. మెదడుకు మాత్రం ఇవి వేర్వేరు చోట్ల జరిగే వేర్వేరు పనులు.

వడపోత కంటిలోనే మొదలవుతుంది. ఒక్కో కంటిలో వెలుగును పట్టే కణాలు దాదాపు 10 కోట్లుంటే, అక్కడి నుంచి మెదడుకు వెళ్లే నాడీతంతువులు సుమారు 10 లక్షలే. ఎడమ పక్క దృశ్యం ఏ కంటిలో పడినా కుడి మెదడుకే చేరుతుంది. మెదడు నడుమనున్న థాలమస్‌లో మజిలీ చేసి, తల వెనక భాగంలోని ప్రాథమిక దృష్టి వల్కలానికి (చూపును మొదట అందుకునే మెదడు పైపొరకు) చేరిన సమాచారం అక్కడ పటంలా పరుచుకుంటుంది. అయితే ఆ పటంలో కొలతలు సమానంగా ఉండవు. చూపు నిలిపిన చోటు, అంటే చాచిన చేతి బొటనవేలి గోరంత మేర, ఎంతో స్థలాన్ని ఆక్రమిస్తే, చుట్టూ ఉన్న జనమంతా మిగిలిన దాంట్లో సర్దుకోవాలి.

ఆ వల్కలంలోని కణాలు దేనికి స్పందిస్తాయో తెలిసింది దాదాపు పొరపాటునే. 1950ల చివర్లో డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజెల్ అనే శాస్త్రవేత్తలు ఒక పిల్లికి గంటల తరబడి చుక్కలు చూపినా పలకని కణం, గాజు స్లైడును ప్రొజెక్టరులోకి దూరుస్తున్నప్పుడు దాని అంచు నీడ తెరమీద కదలగానే టపటపా మోగింది. దానికి కావలసింది చుక్క కాదు, ఒక వాలులో ఉన్న గీత. ఒక్కో కణానికి ఒక్కో వాలు. తర్వాత కోతుల్లోనూ ఇదే అమరిక కనిపించింది. 1981లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. మాను పైకి లేచేకొద్దీ, కిందికి ఒరిగేకొద్దీ ఒక గుంపు కణాలు సద్దుమణిగి పక్క గుంపు అందుకుంటుందన్న మాట. వారి ప్రయోగానికి సిరిమానును మించిన గీత దొరికేది కాదేమో!

అక్కడి నుంచి దారి రెండుగా చీలుతుందని 1982లో లెస్లీ అంగర్‌లైడర్, మార్టిమర్ మిష్కిన్ అనే శాస్త్రవేత్తలు మకాక్ కోతుల మెదళ్ల ఆధారంగా ప్రతిపాదించారు: కణతల వైపు సాగే కింది దారి వస్తువు ఏదో పోల్చుకుంటుంది, నడినెత్తి వైపు సాగే పై దారి అది ఎక్కడుందో చూస్తుంది. ముఖాలకు స్పందించే కణాలు కింది దారిలో ఉన్నాయి. గుడి మెట్ల దగ్గర కోతి మన చేతిలోని పండును గురి తప్పకుండా లాక్కుపోయేది పై దారి చలవే.

కదలికకూ మెదడులో ప్రత్యేకమైన చోటుంది. అది రెండు పక్కలా దెబ్బతిన్న ఒక మహిళ గురించి 1983లో జర్మనీ వైద్యులు వివరించారు. ఆమెకు రంగులు, ఆకారాలు బాగానే తెలిసేవి. కప్పులోకి పోస్తున్న టీ మాత్రం గడ్డకట్టినట్టు కనిపించి, ఎప్పుడు ఆపాలో తెలిసేది కాదు. అలాంటి వ్యక్తి సిరిమాను ఎదుట నిలబడితే పూజారి ముఖమూ, పండు పసుపూ స్పష్టంగానే కనిపిస్తాయి. పండు మాత్రం ఒకసారి విసిరిన చేతిలో, మరుక్షణం పూజారి ఒడిలో.