మెడలో సిర ఎప్పుడు ఉబ్బుతుంది?

సెలైన్ పెట్టేటప్పుడు నర్సు "నరం దొరకట్లేదండీ" అనడం మనలో చాలామంది విన్నదే. అది నిజానికి నరం కాదు, సిర, అంటే రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే నాళం. ఐసీయూలో బీపీ పెంచే ఘాటైన మందులు ఎక్కువసేపు ఎక్కించాలంటే చేతి సిర తట్టుకోలేదు, అందుకని మెడలోని జుగులార్ సిరలోంచి గుండె దగ్గరిదాకా సన్నటి గొట్టం దించుతారు. దాన్నే సెంట్రల్ లైన్ అంటారు. ఆ సిర పక్కనే కెరోటిడ్ ధమని కొట్టుకుంటూ ఉంటుంది, సూది పొరపాటున అందులో దిగితే ప్రమాదం. కాబట్టి సిర ఎంత లావుగా ఉంటే డాక్టరుకు అంత సులువు.

కానీ సిరకు ఇంత అని ఒక సైజు లేదు. ధమని గోడ మందం, తన ఆకారం తాను నిలుపుకుంటుంది. సిర అలా కాదు, మోటారు ఆపగానే పొలంలో చదునుగా పడిపోయే ప్లాస్టిక్ పైపులాంటిది, లోపల ఉన్న పీడనమే దాని లావు. మనం నిటారుగా కూర్చుంటే మెడ సిరలు దాదాపు మూసుకుపోతాయి, మెదడు నుంచి వచ్చే రక్తం ఎక్కువగా వెన్నెముక చుట్టూ ఉన్న సిరల గుండా దిగుతుంది. పడుకుంటే నిండుతాయి. మంచం తలవైపు ఓ 10-15 డిగ్రీలు కిందికి వంచితే ఇంకా ఉబ్బుతాయి. ఈ భంగిమకు ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ సర్జన్ పేరే ఉంది.

వెంటిలేటర్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మామూలుగా గాలి పీల్చినప్పుడు ఛాతీలో పీడనం తగ్గి, మెడలోని రక్తం లోపలికి లాగినట్టు వెళ్లిపోతుంది, సిర సన్నబడుతుంది. వెంటిలేటర్ గాలిని లోపలికి నెడుతుంది కాబట్టి అంతా తలకిందులు: ఛాతీలో పీడనం పెరిగి రక్తం మెడలోనే ఆగుతుంది. ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా యంత్రం కొంత పీడనం ఉంచుతుంది, దాన్ని పీప్ అంటారు. 5 ఉన్నదాన్ని కాసేపు 10 సెంటీమీటర్ల నీటి పీడనానికి పెంచితే సాధారణంగా సిర ఇంకాస్త విచ్చుకుంటుంది.

అయితే ఆ రక్తం గుండెకు చేరాల్సిందే కదా! అది తగ్గితే బీపీ పడిపోవచ్చు, ముఖ్యంగా ఒంట్లో నీరు, రక్తం తగ్గినవాళ్లలో. తలకు దెబ్బ తగిలినవాళ్లకు మంచం తలవైపు అలా కిందికి వంచితే పుర్రెలో పీడనం పెరుగుతుంది. మెడను మరీ పక్కకు తిప్పినా సిర వెళ్లి ధమని మీదికి చేరుతుంది. సిర ఎక్కడుందో తెరమీద చూడటానికి మెడ మీద ఆనించే అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ను గట్టిగా నొక్కితే, ఇంత కష్టపడి ఉబ్బించిన సిర మళ్లీ చదునైపోతుంది.

మంచం తలవైపు కిందికి వంచడానికి ఇంకో కారణం, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైంది, గాలి. తల ఎత్తులో ఉండి మనిషి స్వయంగా ఊపిరి పీలిస్తే మెడ సిరలో పీడనం బయటి గాలికన్నా తగ్గి, తెరిచి ఉన్న రంధ్రంలోంచి గాలి నేరుగా గుండెకు పోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఆ గొట్టం తీసేటప్పుడు కూడా పేషెంటును కూర్చోబెట్టరు, పడుకోబెట్టే తీస్తారు.