సిరిమాను దాటాక కదిలిన షట్టర్

విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. పొడవాటి చింతమాను చివర అమర్చిన ఆసనం మీద పూజారి కూర్చుంటే, గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు ఊరేగింపు సాగుతుంది. 2000 ప్రాంతంలో జేబులో పట్టే డిజిటల్ కెమెరా కొన్నవారికి దీన్ని మించిన పరీక్ష లేదు. సిరిమాను సరిగ్గా ఎదురుగా వచ్చిందని మీట నొక్కితే, తెర మీద తేలేది ఖాళీ ఆకాశమూ, ఎవరిదో అడ్డొచ్చిన చేయీ. సిరిమాను వెళ్లిపోయింది, కెమెరా ఇంకా ఆలోచిస్తూనే ఉంది.

ఇంతకీ ఏమి ఆలోచిస్తోంది? ఫోకస్ కుదిరిందో లేదో తెలుసుకోవడానికి దానికి ఉన్నది ఒకటే దారి. లెన్సును కొద్దికొద్దిగా జరుపుతూ అంచులు ఎక్కడ పదునుగా ఉన్నాయో చూసుకోవాలి. పదును తగ్గడం మొదలైతే గానీ అసలు చోటు దాటిపోయిందని దానికి తెలియదు. అప్పుడు వెనక్కి వస్తుంది. ఆ తర్వాత వెలుతురు కొలవాలి, అంతవరకూ తెర మీద బొమ్మ చూపడానికి సెన్సర్ (వెలుతురును విద్యుత్తుగా మార్చే చిప్పు) పోగుచేసుకున్న విద్యుదావేశాన్ని తుడిచేసి కొత్త బొమ్మకు సిద్ధం కావాలి. ఇదంతా అయ్యేసరికి ఒక సెకను దాకా పట్టేది. మీటను ముందే సగం నొక్కి ఉంచితే ఫోకస్ పని తీరిపోతుంది, మిగతా సగం నొక్కగానే బొమ్మ పడుతుంది. ఈ కిటుకు పెట్టెతో వచ్చిన పుస్తకంలో ఉండేది. దాన్ని చదివేవారు ఎవరు?

వెనక చిన్న తెరతో మామూలు జనం కొనగలిగేలా వచ్చిన తొలి కెమెరా క్యాసియో క్యూవీ-10. 1995లో అమ్మకానికి వచ్చిన ఆ కెమెరా బొమ్మ 320 చుక్కల వెడల్పు, 240 చుక్కల ఎత్తు మాత్రమే. అయిదేళ్లు తిరిగేసరికి, 2000లో, కెనాన్ డిజిటల్ ఇక్సస్ తెచ్చింది. 2 మెగాపిక్సెళ్లు, అంటే దాదాపు 20 లక్షల చుక్కలు, రెండింతల జూమ్, చొక్కా జేబులో పట్టే లోహపు ఒళ్లు. దాంతోపాటు ఇచ్చిన 8 మెగాబైట్ల కార్డులో మేలైన నాణ్యతతో తీస్తే వేళ్లమీద లెక్కపెట్టేన్ని ఫొటోలే పట్టేవి. అయినా రీలు కొని, 36 ఫొటోలూ అయ్యేదాకా ఆగి, స్టూడియోలో కడిగించుకున్నవారికి తీసిన బొమ్మ అక్కడికక్కడే కనిపించడం చిన్న విషయం కాదు. కళ్లు మూసుకున్న పెళ్లికొడుకును మళ్లీ నిలబెట్టి తీయవచ్చు.

దుకాణాల్లో అందరూ అడిగింది మెగాపిక్సెళ్ల సంఖ్యే. నా దృష్టిలో అది అన్నిటికన్నా తక్కువ చెప్పే అంకె. అసలు సంగతి సెన్సర్ పరిమాణంలో ఉంది. ఇక్సస్ సెన్సర్ సుమారు 5.3 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే ఒక కందిబద్దంత. పాత రీలులోని ఒక్కో ఫ్రేము 36 మిల్లీమీటర్లకు 24. వైశాల్యంలో తేడా 40 రెట్లు. కాంతి కణాలు వానచినుకుల్లా లెక్కాపత్రం లేకుండా వచ్చి పడతాయి. ఒక పిక్సెల్‌లో సగటున 10,000 పడితే అటూ ఇటూ తేడా దాదాపు 100, అంటే ఒక శాతం. సగటున 100 మాత్రమే పడితే తేడా 10, అంటే పది శాతం. పక్కపక్క పిక్సెళ్ల మధ్య ఉన్న ఆ తేడానే రాత్రి ఫొటోల్లో రంగురంగుల ఇసుకలా కనిపిస్తుంది. జేబులో పట్టాలంటే లెన్సు చిన్నదవ్వాలి, లెన్సు చిన్నదవ్వాలంటే సెన్సర్ చిన్నదవ్వాలి. వెలుతురు తగ్గితే ఆ మూల్యం చెల్లించక తప్పదు.

ఆ సెన్సర్లలో ఎక్కువ భాగం సీసీడీలు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ దీన్ని రూపొందించారు. 2009లో నోబెల్ బహుమతిలో భాగం అందుకున్నారు. ఇందులో ప్రతి పిక్సెల్ తనలో చేరిన విద్యుదావేశాన్ని పక్కదానికి అందిస్తుంది. వరుస తర్వాత వరుస కిందికి జరుగుతూ, చివరి వరుసలో ఒక్కొక్కటిగా బయటికి వచ్చి కొలతకు నిలబడతాయి. కళింగపట్నం తీరంలో సముద్రం మీద పొద్దు పొడిచేటప్పుడు కెమెరాను సూర్యుడి వైపు తిప్పితే, తెర మీద సూర్యుడి గుండా పైనుంచి కిందిదాకా నిలువు గీత పడేది. ఆవేశం జరిగే దారులకు మూత ఉన్నా, అంతటి వెలుగు కొంత అందులోకి కారేది. ఆశ్చర్యమేమిటంటే, తీసిన ఫొటోలో ఆ గీత సాధారణంగా ఉండదు. ఫొటో తీసేటప్పుడు షట్టర్ రెక్క మూసుకుని, చీకట్లో ఆవేశాన్ని బయటికి పంపుతుంది. తెరకు బొమ్మ చూపేటప్పుడు ఆ రెక్క తెరిచే ఉంటుంది.

రంగుల సంగతి చూడాలంటే పొందూరు వెళ్లాలి. సెన్సర్‌కు రంగులు తెలియవు. 1970ల్లో కొడాక్ ఉద్యోగి బ్రైస్ బేయర్ కనిపెట్టిన పద్ధతిలో ఒక్కో పిక్సెల్ మీద ఒక్కో రంగు పొర ఉంటుంది. సగం ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. ప్రతి చుక్కకూ లోపించిన రెండు రంగులను ఇరుగుపొరుగు చుక్కలను చూసి కెమెరా ఊహిస్తుంది. గోడ, ఆకు, ముఖం అయితే ఊహ సరిపోతుంది. పొందూరు ఖాదీ కండువా వేసుకున్న పెద్దాయనను భుజాల దాకా దగ్గరగా తీస్తే, కండువా మీద లేని ఇంద్రధనుస్సు చారలు తేలవచ్చు. సెన్సర్ మీద పడిన బొమ్మలో దారాల దూరమూ పిక్సెళ్ల దూరమూ దాదాపు సమానమైతే ఊహ తప్పుతుంది. తెల్లని ఖాదీకి రంగు అద్దింది కెమెరానే.

అదే పొందూరులో ఆ చిన్న కెమెరాల గొప్పతనం కూడా చూడవచ్చు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. సన్నని పళ్లు దట్టంగా ఉన్న ఆ దవడను దగ్గర నుంచి తీస్తే ముందరి పళ్లూ వెనకటి పళ్లూ కూడా చాలావరకు స్పష్టంగా పడేవి. చిన్న సెన్సర్ మేలు ఇది. పెద్ద సెన్సర్‌తో అదే చట్రం తీస్తే రెండు మూడు పళ్లు తప్ప మిగతాదంతా మసక.

జాతర ఫొటోల్లో తేలే గుండ్రని తెల్లని బిళ్లల గురించి చెప్పకపోతే ఎలా? ఒకప్పుడు వాటిని చూసి ఇది అమ్మవారి మహిమ అన్నవారూ ఉన్నారు, దయ్యాలన్నవారూ ఉన్నారు. చిన్న కెమెరాలో ఫ్లాష్ లెన్సును అంటిపెట్టుకుని ఉంటుంది. లెన్సుకు బెత్తెడు దూరంలో గాలిలో తేలే ధూళి రేణువు ఆ వెలుగును నేరుగా వెనక్కి కొడుతుంది, ఫోకస్ లేకపోవడంతో బిళ్లగా పరుచుకుంటుంది. చీపురుతో దుమ్ము లేపి, చీకట్లో ఫ్లాష్‌తో తీసి చూడండి, ఇంట్లోనే కావలసినన్ని మహిమలు.

ఇప్పుడు కాలేజీ పిల్లలు ఆ పాత కెమెరాలనే వెతికి కొంటున్నారు. సీసీడీ రంగుల్లో ఏదో మాయ ఉందంటారు. ఆ రంగులో సెన్సర్ వాటా తక్కువ. పైన పరిచిన రంగు పొరలు, లోపల రంగులు కలిపే లెక్క, ఎదురుగా కొట్టే ఫ్లాష్ కలిసి చేసిన పని అది. ముచ్చటపడి కొనేవారు ముందు చూడవలసింది కార్డు. 2006లో కొత్త ప్రమాణం రాకముందు తయారైన, ఎస్‌డీ కార్డు వాడే కెమెరాల్లో చాలావాటికి 2 గిగాబైట్లు దాటిన కార్డు పెడితే గుర్తించవు. ఇక్సస్ వాడే కాంపాక్ట్‌ఫ్లాష్ ఇంకా దొరుకుతుంది. స్మార్ట్‌మీడియా కార్డు కావాలని అడిగితే మాత్రం దుకాణదారు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు.