రొమ్ము క్యాన్సర్‌కి కరెంటు (రేడియేషన్) పెడుతుంటే ఏం తినాలి, ఎంత నడవాలి: అపోహలు - వాస్తవాలు

పోయిన వారం మా మెషీన్ గది బయట బెంచీ మీద కూర్చుని ఒకామె క్యారేజీ విప్పింది. కింది గిన్నెలో అన్నం, పై గిన్నెలో మిరియాల చారు, ఇంకో చిన్న డబ్బాలో ఉప్పేసి ఉడకబెట్టిన బీరకాయ ముక్కలు. అంతే. ఆత్మకూరు అవతల పల్లె నుంచి చీకటితోనే బయల్దేరి నెల్లూరు వచ్చిన మనిషి. ఆ రోజు ఎనిమిదో సిటింగ్. "ఏందమ్మా ఇది, గుడ్డన్నా తెచ్చుకోలేదే?" అనడిగితే పక్కన కూర్చున్న ఆడబిడ్డ జవాబిచ్చింది. "గుడ్డు, చేప తినబాకండి, నంజు, కరెంటు పెట్టిన చోట చీము పడుద్ది అని ఊళ్లో అందరూ చెప్పారు మేడం."

నేను రేడియోథెరపీ టెక్నాలజిస్టుని. ఆపరేషన్, కీమో అయిపోయి రేడియేషన్‌కి వచ్చే ఆడవాళ్లని రోజూ టేబుల్ మీద పడుకోబెట్టి, మార్కింగ్‌లు సరిచూసి, మెషీన్ నడిపేది మేమే. పదకొండేళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. కావలి నుంచి వచ్చినా, కనిగిరి నుంచి వచ్చినా, చదువుకున్నవాళ్లయినా, కానివాళ్లయినా అదే చారన్నం.

అపోహ: కరెంటు వేడి చేస్తుంది, అందుకని పథ్యం ఉండాలి

మనవాళ్లకి ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాను.

అసలు చిక్కు "కరెంటు" అన్న పేరుతోనే మొదలైంది. కరెంటు అనగానే షాకు, వేడి, కాలడం గుర్తొస్తాయి. వేడి అనగానే చలవ పథ్యం గుర్తొస్తుంది. మెషీన్ కరెంటుతో నడిచే మాట నిజమే గానీ మీ ఒంట్లోకి వచ్చేది కరెంటు కాదు, బాగా శక్తి ఉన్న ఎక్స్‌రే కిరణాలు. ఇప్పుడు చాలామందికి 15 సిటింగ్‌లలో మొత్తం 40 గ్రే (రేడియేషన్ డోసుని కొలిచే లెక్క) ఇస్తారు. అంటే సిటింగ్‌కి 2.67 గ్రే. ఆ శక్తి మొత్తం వేడిగా మారినా ఆ భాగం డిగ్రీలో వెయ్యో వంతు కూడా వెచ్చబడదు. గ్లాసుడు కాఫీ తాగితే ఒంటికి అంతకంటే ఎక్కువ వేడి చేరుతుంది.

మరి చర్మం ఎందుకు నల్లబడుతుంది? చర్మం అడుగు పొరలో రోజూ కొత్త కణాలు పుడుతుంటాయి. కిరణాలు క్యాన్సర్ కణాలతో పాటు వీటినీ కొంత దెబ్బతీస్తాయి. పై పొర మామూలుగానే రాలిపోతుంటుంది, కింద నుంచి కొత్తది వెంటనే అందదు. అందుకే రెండో వారంలోనో మూడో వారంలోనో రంగు మారుతుంది, దురద పెడుతుంది. రొమ్ము కింద మడతలో, చంకలో కొందరికి చర్మం చెమ్మగా ఊడుతుంది. ఇదంతా డోసుని బట్టి, రొమ్ము సైజుని బట్టి, మడత ఎంత ఒరుసుకుంటోందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆదివారం చేపల పులుసు తిన్నామెకి మంగళవారం చర్మం ఎర్రబడితే నింద పులుసు మీద పడుతుంది. చారన్నమే తిన్నా అదే మంగళవారానికి ఎర్రబడేది.

కాకపోతే సరిగ్గా తినకపోతే అది తొందరగా మానదు. కొత్త కణాలు పుట్టడానికి ప్రొటీన్ కావాలి. పథ్యం పేరుతో తీసేసేవి ఏంటో చూడండి: గుడ్డు, చేప, మాంసం, కందిపప్పు, పెరుగు. ప్రొటీన్ ఉన్నవి అవే.

నంజు అని నమ్మేవాళ్ల మీద నాకు కోపం లేదు. నా మొదటి కాన్పప్పుడు మా అమ్మమ్మ నెల రోజులు కారప్పొడి అన్నం, వేయించిన వెల్లుల్లి తప్ప ఇంకోటి పెట్టలేదు. ప్రేమతోనే పెట్టింది. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి, "పచ్చి ఒళ్లు కదా" అని సర్దుకున్నాను. భయంలో ఉన్న మనిషికి "ఇది మానేస్తే ఏమీ కాదు" అనే మాట ఎంత ధైర్యమిస్తుందో నాకు తెలుసు. నాకు కోపం వచ్చేది ఏమీ తెలియకుండా ఇలాంటివి ఫోన్లలో తిప్పేవాళ్ల మీద.

మూడేళ్ల కిందట ఉదయగిరి వైపు నుంచి ఒకామె వచ్చేది. నలభై ఐదేళ్లుంటాయి. కీమోతో అప్పటికే చిక్కిపోయి ఉంది. మొదటి రోజు "ఏం తినొచ్చు మేడం?" అనడిగింది. బయట ఇంకా పది మంది ఉన్నారని "అన్నీ తినొచ్చమ్మా" అని ఒక్క ముక్క చెప్పి పంపేశాను. ఇంటికెళ్లాక పది మంది పది చెప్పారు. రెండు వారాలు చారు, పొట్లకాయతో గడిపింది. పదకొండో సిటింగ్ రోజు టేబుల్ మీద పడుకోబెట్టాం. గోడల నుంచి వచ్చే లేజర్ గీతలు చర్మం మీది చుక్కల మీదే పడ్డాయి గానీ, తీసిన ఇమేజ్ ముందు సీటీ స్కాన్ చూసి వేసుకున్న ప్లాన్‌తో కలవలేదు. బరువు చూస్తే నాలుగున్నర కిలోలు తగ్గింది. మిల్లీమీటర్ల లెక్కన సరిచూసే పని ఇది. డాక్టరుగారు ఆపించి మళ్లీ సీటీ తీయమన్నారు. టేబుల్ దిగుతూ ఆమె కళ్లు తిరిగి నా భుజం మీద వాలిపోయింది. సెలైన్లు, రక్తపరీక్షలు, కొత్త ప్లాన్, మధ్యలో ఆదివారం. ఐదు రోజులు పోయాయి. రేడియేషన్ మధ్యలో గ్యాప్ వస్తే మిగిలున్న క్యాన్సర్ కణాలకి కోలుకునే అవకాశం ఇచ్చినట్టవుతుంది. లాడ్జి ఖర్చు, వాళ్లాయన కూలి పోవడం వేరే సంగతి. ఆ రోజు నుంచి "అన్నీ తినొచ్చు" అనడం మానేశాను. ఏది ఎంత తినాలో పేరు పెట్టి చెబుతున్నాను.

కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 55 కిలోల మనిషికి 55 నుంచి 80 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములుంటుంది. పావు లీటరు పాలలో 8, వంద గ్రాముల చేపలో 18 నుంచి 20, గిన్నెడు గట్టిపప్పులో 7, 8. కప్పు అన్నంలో 4 గ్రాములే, చారులో ఉండేది దాదాపు ఏమీ లేదు. ఇప్పుడు ఆ క్యారేజీని లెక్కేసుకోండి. నెల్లూరులో ఉండి చేపల పులుసు మానుకోవాల్సిన పనే లేదు. కొర్రమీను గానీ, శీలావతి గానీ, దొరికింది వండుకోండి, మామిడికాయ కూడా వేసుకోండి. తాజాగా ఉండి, బాగా ఉడికితే చాలు. నీచు తినని వాళ్లు పప్పు, పెరుగు, శనగలు, పనీరు, మీల్‌మేకర్ తినొచ్చు. సోయాతో రొమ్ము క్యాన్సర్ పెరుగుతుందన్న భయం అక్కర్లేదు, కూరగా తినే సోయాతో హాని లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఎంత తినాలో డాక్టరుని అడిగి తినండి.

దీనికి పూర్తిగా ఎదురు తప్పు చేసేవాళ్లూ ఉన్నారు. బలం రావాలని మూడు పూటలా నెయ్యి, జీడిపప్పు, తీపి పాలు పెట్టి నెల తిరిగేసరికి బరువు పెంచేస్తారు. చాలామందికి ముందు ఇంకా ఏళ్ల తరబడి హార్మోన్ టాబ్లెట్లు ఉంటాయి, పెరిగిన బరువు అంత తేలిగ్గా దిగదు. మొదటి రోజు ఎంత ఉన్నారో చివరి రోజు అటూ ఇటూగా అంతే ఉంటే మాకు చాలు.

వాట్సాప్‌లో తిరిగేవి కొన్ని

లక్ష్మణఫలం కీమో కంటే పది వేల రెట్లు పని చేస్తుందట. మనుషుల్లో క్యాన్సర్ తగ్గించినట్టు రుజువు లేదు. దాని ఆకు కషాయం ఎక్కువ కాలం తాగితే నరాలకి ప్రమాదం. కరీబియన్‌లోని గ్వాడెలూప్ దీవిలో పార్కిన్సన్ (చేతులు వణికే నరాల జబ్బు) లాంటి జబ్బుకీ దీనికీ సంబంధం కనబడిందని 1999లోనే వైద్యులు రాశారు. పంచదార మానేస్తే క్యాన్సర్ ఎండిపోతుందన్నదీ తప్పే, ఒంట్లో ప్రతి కణానికీ గ్లూకోజు కావాలి. షుగర్ ఉన్నవాళ్లు అదుపులో పెట్టుకోవాల్సింది పుండు త్వరగా మానడం కోసం. కూరలో పసుపు వేసుకోండి, పసుపు క్యాప్సూళ్లు, పెద్ద డోసు విటమిన్ టాబ్లెట్లు మాత్రం మాకు చెప్పకుండా మింగొద్దు. మనవడిని ఎత్తుకోవచ్చా అని అడుగుతూ కళ్లనీళ్లు పెట్టుకునే అవ్వలున్నారు. తప్పకుండా ఎత్తుకోండమ్మా. మెషీన్ ఆగితే కిరణాలు ఆగిపోయినట్టే, మీ ఒంట్లో ఏమీ మిగలదు.

అపోహ: నీరసంగా ఉన్నప్పుడు మంచం దిగకూడదు, ఎండపొడ తగలకూడదు

రేడియేషన్ నీరసం పని చేసొచ్చిన అలసట లాంటిది కాదు, పడుకుంటే పోదు. రోజంతా పడుకుంటే కండ తగ్గి ఇంకా పెరుగుతుంది. దీన్ని తగ్గిస్తుందని గట్టిగా తేలిన వాటిలో నడక ఒకటి. వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున నడిస్తే నీరసం, టెన్షన్ రెండూ తగ్గుతాయని 2019లో అంతర్జాతీయ నిపుణులు మార్గదర్శకాలిచ్చారు. మొదటి రోజే అరగంట నడవక్కర్లేదు. పది నిమిషాలతో మొదలుపెట్టండి. పక్కనున్న వాళ్లతో మాట్లాడుతూ నడవగలిగితే ఆ వేగం సరిపోతుంది.

ఎండ గురించిన జాగ్రత్త కిరణాలు పెట్టిన చర్మానికే. కాళ్లకీ, ముఖానికీ కాదు. కాకపోతే మన ఎండలు మామూలువి కావు, మే నెలలో ఎనిమిదింటికే మాడుతుంది. ఆరింటికి చెరువు కట్ట మీదో, స్టేడియంలోనో, మీ ఊరి రోడ్డు మీదో తిరిగి ఏడింటికల్లా ఇంటికొచ్చేయండి. మెడ కింద, కాలర్ ఎముక దగ్గర కూడా కిరణాలు పెడుతుంటే ఆ చోటు జాకెట్టు మెడలోంచి బయటికి కనిపిస్తుంటుంది. దాన్ని చాలామంది మర్చిపోతారు. నూలు పైట గానీ చున్నీ గానీ అక్కడిదాకా కప్పుకోండి. ఏడాది వరకూ ఆ చోట నేరుగా ఎండ పడనీయొద్దు. రాగానే గోరువెచ్చని నీళ్లతో కడిగి మడతలో చెమట అద్ది తుడవండి, రుద్దొద్దు. చర్మం ఊడి ఉంటే మైపాడులో సముద్ర స్నానం, చెరువులో మునగడం రెండూ వద్దు. జ్వరం, ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆ రోజు నడక ఆపి మాకు చెప్పండి.

ఆపరేషన్ అయిన వైపు చెయ్యి కదిలించొద్దన్న మాట కూడా వినకండి. టేబుల్ మీద పది పదిహేను నిమిషాలు చెయ్యి తల పైకి పెట్టుకుని ఉండాలి. చెయ్యి లేవకపోతే సీటీయే తీయలేం. గోడకి ఎదురుగా నిలబడి వేళ్లతో గోడ మీద పైకి పాకించండి, నిన్నటి కంటే ఒక అంగుళం పైకి పోయిందా చూసుకోండి. బిందె ఎత్తితే చెయ్యి వాస్తుందని జీవితాంతం భయపడేవాళ్లున్నారు. మెల్లమెల్లగా, నేర్పించినట్టు బరువులెత్తితే వాపు పెరగదని 2009లోనే ఒక పెద్ద పరిశోధనలో తేలింది. ఒకేసారి నిండు బిందె మాత్రం వద్దు.

గూడూరు, పొదలకూరు నిమ్మతోటల్లో పనికెళ్లే వాళ్లకి ఒక మాట. చంకలో గడ్డలు తీసిన వైపు చేతికి ముల్లు గీసుకుంటే ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా పాకుతుంది, దాంతో చెయ్యి నిజంగా వాచొచ్చు. తోటలో తిరగండి, పొడుగు చేతుల చొక్కా, గ్లౌజు లేకుండా కాయ మాత్రం కోయొద్దు. గీసుకున్న చోట ఎర్రబడి వేడిగా ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు.

ఇంకొకటి. చర్మం అన్నిటికంటే ఎక్కువ చెడేది చివరి సిటింగ్ అయ్యాక వారం, పది రోజులకి. అప్పటికి మీరు ఇంట్లో ఉంటారు, మేము కనపడం. "చూశావా, గుడ్డు తిన్నావు" అనే మాట సరిగ్గా అప్పుడే వస్తుంది. గుడ్డు ఆపొద్దు. రెండు మూడు వారాల్లో చాలామందికి అదే సర్దుకుంటుంది. చర్మం ఊడి నీరు కారుతున్నా, వాసన వస్తున్నా, జ్వరం తగిలినా దాని మీద పసుపు గానీ, వెన్న గానీ, నూనె గానీ పెట్టకుండా ఆ రోజే వచ్చి చూపించండి.