అమెరికా బానిసత్వ నిర్మూలన – హింస: అపోహలు, వాస్తవాలు

పీజీ విద్యార్థులకు అమెరికా చరిత్ర బోధిస్తాను. అంతర్యుద్ధం (బానిసత్వాన్ని నిలుపుకోవాలని విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకు, ఉత్తరాదికి మధ్య 1861–65లో జరిగిన యుద్ధం) పాఠానికి వచ్చేసరికి ఏటా తరగతి రెండుగా చీలిపోతుంది. ఎంత గొప్ప ఆశయానికైనా రక్తం చిందించడం తప్పేనని కొందరు, బానిస ఏం చేసినా న్యాయమేనని మరికొందరు. వాదించుకోవాల్సిందే. అయితే రెండు పక్షాలూ తరచు తప్పు సమాచారం మీద నిలబడి వాదిస్తుంటాయి. నాకు ఎక్కువగా వినిపించే అపోహలను ఇక్కడ తీసుకున్నాను. నా అభిప్రాయాన్ని కూడా దాచుకోను.

అపోహ: ప్రశాంతంగా ఉన్న దక్షిణాది రాష్ట్రాల్లోకి హింసను తెచ్చింది తిరగబడిన బానిసలు, బానిసత్వం మీద ఆయుధం పట్టిన తెల్లజాతి వ్యక్తి జాన్ బ్రౌన్ లాంటివాళ్లు.

ఈ మాట అనేవాళ్లు లెక్కను మధ్యలోంచి మొదలుపెడుతున్నారు. 1860 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో 39 లక్షలకు పైగా బానిసలు ఉన్నారు. అంతమంది చేత తరతరాలుగా కూలి లేకుండా చాకిరీ చేయించడం కొరడా, సంకెళ్లు, వేటకుక్కలు, రాత్రి గస్తీలు లేకుండా ఒక్క రోజు కూడా సాగేది కాదు. 1790 నుంచి 1860 మధ్య సుమారు 10 లక్షల మందిని వర్జీనియా, మేరీలాండ్ వంటి పాత రాష్ట్రాల నుంచి దిగువన ఉన్న పత్తి ప్రాంతాలకు తరలించారు. వాళ్లలో చాలామందిని వేలంలో అమ్మారు. తల్లి ఒకచోటికి, బిడ్డ మరోచోటికి పోవడం ఆ వ్యాపారంలో మామూలు విషయం.

ఇదంతా కొందరు క్రూరుల పని కాదు, చట్టమే అలా ఉంది. 1829లో నార్త్ కరోలినాలో జాన్ మాన్ అనే వ్యక్తి, తాను బాడుగకు తెచ్చుకున్న లిడియా అనే బానిస స్త్రీని కొట్టబోయాడు. ఆమె పారిపోతుంటే వెనక నుంచి తుపాకీతో కాల్చాడు. కింది కోర్టు అతన్ని దోషి అంది. రాష్ట్ర సుప్రీంకోర్టు మాత్రం వదిలేసింది. బానిస పూర్తిగా లొంగి ఉండాలంటే యజమాని అధికారానికి హద్దు ఉండకూడదని న్యాయమూర్తి థామస్ రఫిన్ తీర్పులో రాశాడు. ఈ సూత్రం తనకే కఠినంగా తోస్తోందని అదే తీర్పులో ఒప్పుకున్నాడు కూడా.

మిస్సోరీలో సీలియా కేసు ఇంకా ఘోరం. రాబర్ట్ న్యూసమ్ అనే వయసు మీరిన రైతు 1850లో ఆమెను కొన్నప్పుడు ఆమెకు దాదాపు 14 ఏళ్లు. కొన్న నాటి నుంచి అత్యాచారం చేస్తూ వచ్చాడు. 1855 జూన్‌లో ఒక రాత్రి అతను తన గుడిసెలోకి వస్తే సీలియా కర్రతో కొట్టింది, అతను చనిపోయాడు. బలవంతం చేయబోయినవాడిని ఎదిరించే హక్కు ఏ స్త్రీకైనా ఉందని ఆ రాష్ట్ర చట్టంలో ఉంది. ఆమె తరఫు న్యాయవాదులు దాన్నే పట్టుకుని వాదించారు. ఆ కోణంలో ఆలోచించమని జ్యూరీకి చెప్పడానికి న్యాయమూర్తి ఒప్పుకోలేదు. ఆ ఏడాది డిసెంబరులోనే ఆమెను ఉరితీశారు.

సీలియా చేసింది ఆత్మరక్షణ. ఆమెకు పోలీసు లేడు, కోర్టు లేదు, వెళ్లిపోయే దారీ లేదు. ఆమెను తప్పుపట్టగల నైతిక సూత్రం ఏదీ నాకు కనబడదు.

అపోహ: శాంతియుత మార్గాన్ని ఎవరూ ప్రయత్నించలేదు.

దాదాపు 30 ఏళ్లు ప్రయత్నించారు. విలియం లాయిడ్ గారిసన్ 1831 జనవరి 1న బోస్టన్‌లో బానిసత్వ వ్యతిరేక వారపత్రిక పెట్టాడు. 1833లో ఏర్పడిన అమెరికా బానిసత్వ వ్యతిరేక సంఘం ఆయుధాలు పట్టబోమని తన ప్రకటనలోనే చెప్పుకుంది. యజమానుల మనస్సాక్షిని మేల్కొల్పి మార్పు తేవాలన్నది వాళ్ల పద్ధతి.

వాళ్లకు దక్కింది ఏమిటి? 1835లో చార్ల్స్‌టన్‌లో జనం టపాలో వచ్చిన వాళ్ల కరపత్రాలను తగలబెట్టారు. అదే ఏడాది బోస్టన్‌లో ఒక మూక గారిసన్‌ను తాడు కట్టి వీధిలో ఈడ్చింది. 1837 నవంబరులో ఇల్లినాయ్‌లోని ఆల్టన్‌లో పత్రికా సంపాదకుడు ఎలైజా లవ్‌జాయ్ తన అచ్చుయంత్రాన్ని కాపాడుకోబోయి కాల్పుల్లో చనిపోయాడు. మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాలో నిర్మూలనవాదులు చందాలు పోగుచేసి సభలకోసం కట్టుకున్న పెన్సిల్వేనియా హాలును, తెరిచిన వారంలోపే తగలబెట్టారు. 1836 నుంచి 1844 వరకు ప్రతినిధుల సభ ఈ విషయంపై వచ్చిన వినతిపత్రాలను చర్చకే తీసుకోలేదు.

1850లో పారిపోయిన బానిసల చట్టం వచ్చింది. పట్టుబడిన మనిషిని యజమానికి అప్పగిస్తే విచారణ కమిషనర్‌కు 10 డాలర్లు, విడుదల చేస్తే 5 డాలర్లు. చట్టంలోనే అలా రాసుకున్నారు. నల్లజాతివారికి తెల్లవాళ్లు మన్నించి తీరాల్సిన హక్కులేవీ లేవని 1857లో, స్వేచ్ఛ కోరుతూ డ్రెడ్ స్కాట్ అనే బానిస వేసిన కేసులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ రాశాడు. పత్రిక, టపా, సభ, చట్టసభ, కోర్టు, ఒక్కో తలుపూ మూసుకుపోయిన క్రమం ఇది.

ఆ 30 ఏళ్ల శ్రమ వృథా అయిందని మాత్రం అనను. ఎవరూ మాట్లాడని విషయాన్ని దేశమంతా మాట్లాడుకునే విషయంగా మార్చింది అహింసావాదులే. ఆ పునాది లేకపోతే యుద్ధం ముగిశాక కూడా బానిసత్వం మిగిలే అవకాశం ఉండేది. అదే గారిసన్ 1859 డిసెంబరు 2న, జాన్ బ్రౌన్‌ను ఉరితీసిన రోజున, తాను పక్కా శాంతివాదినని చెబుతూనే ప్రతి బానిస తిరుగుబాటూ విజయం సాధించాలని బహిరంగ సభలో ఆకాంక్షించాడు. ఆ ప్రసంగాన్ని విద్యార్థుల చేత తప్పకుండా చదివిస్తాను. అంత నిష్ఠ ఉన్న మనిషిని ఆ మాట దాకా నెట్టినవి పైన చెప్పిన సంఘటనలే.

అపోహ: బ్రిటన్‌లా యజమానులకు డబ్బిచ్చి బానిసత్వాన్ని ముగించి ఉంటే రక్తపాతం తప్పేది.

బ్రిటన్ కథలోనూ రక్తం ఉంది. 1831 క్రిస్మస్ రోజుల్లో బ్రిటిష్ వలస అయిన జమైకాలో శామ్ షార్ప్ నాయకత్వంలో పని మానేయడంగా మొదలైన ఉద్యమం తిరుగుబాటుగా మారింది. అణచివేతలో 300 మందికి పైగా ఉరికంబం ఎక్కారు. అది జరిగిన ఏడాదిన్నరకే బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది. అందులోని 2 కోట్ల పౌండ్ల పరిహారం యజమానులకే పోయింది, బానిసలకు పైసా రాలేదు. ఆ తర్వాత చెరకు తోటల్లో కూలీల కొరత తీర్చడానికి ఒప్పంద కూలీలను ఓడలెక్కించారు. మన కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్లిన తెలుగువాళ్లు ఆ చరిత్రలో భాగమే.

అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ బానిసల మార్కెట్ విలువ 300 కోట్ల డాలర్లు దాటింది. దేశంలోని రైల్వేలు, కర్మాగారాల్లో పెట్టిన పెట్టుబడి మొత్తం కలిపినా అంత లేదు. 1861కి ముందు పనిచేసిన అధ్యక్షుల్లో ఎక్కువమంది ఎప్పుడో ఒకప్పుడు బానిసల యజమానులే. ఎవరి ఆస్తిని కొనాలో వాళ్లే ప్రభుత్వం నడుపుతున్నారు.

అయినా 1861లో అధ్యక్షుడైన లింకన్ ప్రయత్నించాడు. 1,800 మంది బానిసలు కూడా లేని చిన్న డెలావేర్ రాష్ట్రానికి 1861లో పరిహార పథకం ప్రతిపాదిస్తే అదీ ముందుకు సాగలేదు. 1862 జులైలో, బానిసత్వం ఉన్నా దేశంతోనే ఉండిపోయిన సరిహద్దు రాష్ట్రాల ప్రతినిధులను పిలిపించి అడిగితే అత్యధికులు కాదన్నారు. రాజధాని వాషింగ్టన్‌లో మాత్రం ఆ ఏడాది ఏప్రిల్‌లో పరిహారంతో విముక్తి జరిగింది. దక్షిణాది సభ్యులు కాంగ్రెస్ వదిలి వెళ్లిపోయారు కాబట్టే ఆ చట్టం నెగ్గింది.

అపోహ: జాన్ బ్రౌన్ పిచ్చివాడు. లేదా మచ్చలేని వీరుడు.

రెండూ కాదు. 1856 మే 24 రాత్రి కాన్సాస్‌లోని పొటావటమీ వాగు దగ్గర బ్రౌన్, అతని కొడుకులు, అనుచరులు కలిసి బానిసత్వాన్ని సమర్థించే ఐదుగురిని ఇళ్లలోంచి బయటికి లాగి కత్తులతో నరికి చంపారు. వాళ్లలో డోయల్ అనే తండ్రి, అతని ఇద్దరు కొడుకులు ఉన్నారు. ఆ కుటుంబానికి బానిసలే లేరు. మూడో కొడుకునైనా వదలమని తల్లి వేడుకుంటే వదిలారు. మూడు రోజుల ముందు బానిసత్వవాదులు లారెన్స్ పట్టణంపై పడి దోచుకున్నారు. ఆ మర్నాడే బానిసత్వాన్ని వ్యతిరేకించిన సెనేటర్ చార్ల్స్ సమ్నర్‌ను సభలోనే ఒక దక్షిణాది సభ్యుడు చేతికర్రతో చావగొట్టాడు. బ్రౌన్ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో ఇవి చెబుతాయి. అయినా నిరాయుధులను అర్ధరాత్రి నరకడం ఆత్మరక్షణ కాదు, హత్యే. ఈ విషయంలో బ్రౌన్ అభిమానులతో నేను రాజీపడను.

వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ అనే ఊరి సంగతి వేరు. 1859 అక్టోబరు 16న 21 మంది అనుచరులతో ప్రభుత్వ ఆయుధాగారాన్ని పట్టుకుని, బానిసలకు ఆయుధాలివ్వాలని బ్రౌన్ పథకం. దానికి రెండు నెలల ముందు చాంబర్స్‌బర్గ్ దగ్గర ఒక పాత రాతి క్వారీలో, బానిసత్వం నుంచి తప్పించుకుని నిర్మూలనవాద నాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్‌ను రహస్యంగా కలిసి రమ్మని బతిమాలాడు. డగ్లస్ రానన్నాడు. హింస పాపమని కాదు. పదహారేళ్ల వయసులో తనను కొట్టవచ్చిన కోవీ అనే వ్యక్తితో కలబడి, ఆ రోజే మనిషినయ్యానని రాసుకున్నవాడు డగ్లస్. ఆ ఊరు ఉక్కు బోను, అందులో అడుగుపెడితే బయటపడటం ఉండదన్నది అతని అభ్యంతరం. అతని వెంట వచ్చిన షీల్డ్స్ గ్రీన్ అనే మాజీ బానిస మాత్రం ఆ ముసలాయనతోనే వెళ్తానన్నాడు, డిసెంబరులో ఉరికంబం ఎక్కాడు.

డగ్లస్ అంచనా నిజమైంది. దాడిలో మొదట చనిపోయింది హేవర్డ్ షెపర్డ్ అనే రైల్వే ఉద్యోగి. అతను బానిస కాని నల్లజాతి మనిషి. విముక్తి కోసం చేసిన దాడి మొదట బలితీసుకుంది అతన్నే. పట్టుబడ్డ బ్రౌన్‌ను ప్రశ్నించిన వర్జీనియా గవర్నర్ హెన్రీ వైజ్ స్వయంగా అతన్ని పిచ్చివాడనుకోవడం పొరపాటన్నాడు. శత్రువే ఒప్పుకున్న విషయాన్ని మనం ఎందుకు కాదనాలి? నా దృష్టిలో హార్పర్స్ ఫెర్రీ లక్ష్యం న్యాయమైనది, పథకం మాత్రం బాధ్యత లేనిది.

అపోహ: నాట్ టర్నర్ తిరుగుబాటే వర్జీనియాలో సంస్కరణను చంపేసింది.

1831 ఆగస్టులో వర్జీనియాలో నాట్ టర్నర్ అనే బానిస నాయకత్వంలోని బృందం దాదాపు 55 మంది తెల్లవాళ్లను చంపింది. అందులో పసిపిల్లలూ ఉన్నారు. వాళ్లను చంపడం ఏ లెక్కలోనూ న్యాయం కాదు. కానీ ఆ కొద్ది నెలల్లోనే వర్జీనియా చట్టసభ బానిసత్వాన్ని క్రమంగా ముగించే విషయం బహిరంగంగా చర్చించింది. ఆ చర్చను లేవనెత్తింది తిరుగుబాటు రేపిన భయమే. సంస్కరణను ఓడించింది సభలో పడిన ఓట్లు.

అపోహ: బానిసలను విడిపించడానికి ఉత్తరాది యుద్ధానికి దిగింది, లింకన్ స్వేచ్ఛ ప్రసాదించాడు.

మొదట కాల్చింది దక్షిణాది, 1861 ఏప్రిల్ 12న సమ్టర్ కోట మీద. అమెరికా నుంచి ఎందుకు విడిపోతున్నారో దక్షిణాది రాష్ట్రం మిసిసిపీ తన ప్రకటనలో సూటిగానే రాసింది: తమ వైఖరి బానిసత్వంతో పూర్తిగా ముడిపడి ఉందని. ఉన్నచోట బానిసత్వం జోలికి పోనని లింకన్ ప్రమాణ స్వీకారం రోజునే చెప్పాడు. యుద్ధం దిశను మార్చింది బానిసలు. 1861 మేలో ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్సెండ్ అనే ముగ్గురు పడవలో మన్రో కోటకు చేరి ఉత్తరాది సైన్యాన్ని ఆశ్రయించారు. జనరల్ బట్లర్ వాళ్లను తిప్పి పంపలేదు. తర్వాత వేలమంది అదే దారి పట్టారు. 1862 మేలో రాబర్ట్ స్మాల్స్ అనే బానిస చార్ల్స్‌టన్ రేవులోంచి శత్రువుల ఓడనే నడుపుకుంటూ, ఒక్క తుపాకీ పేలకుండా, కుటుంబంతో సహా బయటపడ్డాడు.

1863 తర్వాత సుమారు 1,80,000 మంది నల్లజాతివారు సైన్యంలో చేరారు. వాళ్లలో చాలామంది మాజీ బానిసలే. పట్టుబడితే యుద్ధఖైదీగా చూస్తారన్న భరోసా వాళ్లకు లేదు. 1864 ఏప్రిల్‌లో ఫోర్ట్ పిల్లోలో దక్షిణాది సైనికులు లొంగిపోతున్నవాళ్లను కూడా చంపేశారు. యుద్ధంలో మొత్తం 6 లక్షలకు పైగా సైనికులు చనిపోయారు. ఆ సంఖ్య తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. కానీ యుద్ధం రాకపోతే అప్పటికి ప్రాణాలతో ఉన్న 40 లక్షల మంది, వాళ్ల పిల్లలు, ఇంకా ఎన్ని దశాబ్దాలు వేలం బల్ల ఎక్కాలి? ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా యుద్ధం అన్యాయమనే హక్కు మనకు లేదనుకుంటాను.

అపోహ: 1865తో హింస ముగిసింది.

బానిసత్వాన్ని రద్దు చేసిన రాజ్యాంగ 13వ సవరణ 1865 డిసెంబరులో ఆమోదం పొందింది. మరుసటి ఏడాది మేలో మెంఫిస్‌లో తెల్లవాళ్ల మూకలు 46 మంది నల్లజాతివారిని చంపాయి. 1873లో ఈస్టర్ నాడు లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో కోర్టు భవనాన్ని కాపాడుతున్న నల్లజాతివారిపై దాడి చేసి పదుల సంఖ్యలో చంపారు, చాలామందిని లొంగిపోయాకే. దోషులుగా తేలిన కొద్దిమంది శిక్షలను 1876లో సుప్రీంకోర్టు చెల్లదంది. 1877లో ఫెడరల్ సైన్యం దక్షిణాదిలో రక్షణ బాధ్యత వదిలేసింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో అక్కడి నల్లజాతివారి ఓటుహక్కును దాదాపు పూర్తిగా లాగేసుకున్నారు.